నేను చెప్పిన తప్పు అర్థం

ఆ పిల్లను నేను మొదట చూసింది మా వీధి గుమ్మం దగ్గర, ఖాళీ గంప బోర్లించి దాని మీద కూర్చుని ఉండగా. వాళ్ళమ్మ ఎండు నెత్తళ్ళు అమ్మడానికి ఆదివారం ఆదివారం సముద్రం ఒడ్డు నుంచి మా ఊరు వచ్చేది. మా ఊరు కళింగపట్నానికి రెండు మైళ్ళ ఇవతల. రెండు గంపల్లో ఒకటి మా గుమ్మం చేరేసరికే ఖాళీ అయ్యేది. రెండోది పట్టుకుని తల్లి మిగతా వీధులు తిరిగి వచ్చేదాకా కూతురు మా ఇంటి ముందే కాచుకుని ఉండేది. అప్పటికి తనకు పద్నాలుగేళ్ళు ఉంటాయేమో. నాకు పదహారు.

మా వంశంలో నాగలి వదిలి పుస్తకం పట్టిన మొదటి మనిషి మా నాన్న. హైస్కూల్లో తెలుగు పండితుడు. ఆదివారం భోజనాలయ్యాక అరుగు మీద కూర్చుని పాత కావ్యం ఏదో ఒకటి తీసి చదివేవాడు. పొలం పనుల్లేని రోజుల్లో నలుగురైదుగురు రైతులు వచ్చి వినేవారు. నాన్న రాగాలు తీసేవాడు కాదు. పద్యం ఒకసారి చదివి, మాటలు విడగొట్టి, ఆ తరవాత అచ్చం మా ఊరి యాసలో అర్థం చెప్పేవాడు. ఆయన చెబుతుంటే కావ్యంలోని రాజులు మా ఎగువ వీధిలో ఉన్న మోతుబరుల్లా అనిపించేవారు.

నాకు బొమ్మలు వచ్చు. గొప్పకు చెప్పడం లేదు, అప్పట్లో ఊళ్ళో అందరూ ఒప్పుకున్న సంగతే. లోయర్ డ్రాయింగు పరీక్ష ఫస్టు క్లాసులో ప్యాసయ్యాను. హయ్యర్‌కి చదువుతున్నాను. డ్రాయింగు టీచరమ్మను కావాలని నా కోరిక. నాన్న విజయనగరం నుంచి తెచ్చి ఇచ్చిన రంగుల పెట్టె ఉండేది, దాన్ని నేను తప్ప ఇంకెవరూ ముట్టకూడదు. కూజా గీస్తే రెండు పక్కలా ఒక్క నూలు తేడా రాకుండా గీసేదాన్ని. నాన్న చూసి, "శుబ్బరంగా ఉన్నాదమ్మా" అనేవాడు. ఉతికి ఆరేసిన బట్టను చూసి కూడా అదే మాట, అదే గొంతుతో అనేవాడు. శుభ్రానికీ అందానికీ ఉన్న తేడా అప్పటికి నాకు తెలియదు.

ఒక ఆదివారం అమ్మ పెరట్లోంచి కేకలు పెట్టింది. వెళ్ళి చూస్తే, పశువుల సాలకు కొత్తగా వెల్ల వేసిన గోడ నిండా బొగ్గుతో బొమ్మ. వారం కిందట నాన్న చదివిన పద్యంలో ఒక నగరం ఉంది. ఆ ఊరి మేడలు ఎంత ఎత్తంటే, పైనుంచి ఆడవాళ్ళు చెయ్యి చాపితే చందమామ అందుతాడట. గోడ మీద ఉన్నది ఆ నగరమే. మేడలన్నీ గుండ్రంగా, పొడుగ్గా, కళింగపట్నం లైట్‌హౌసులా ఉన్నాయి. అన్నిటికన్నా ఎత్తైన మేడ మీద ఒకావిడ చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని, ఇత్తడి చెంబును తోమినట్టు చందమామను తోముతోంది.

"గోడంతా బొగ్గు సేసీసినాది. మళ్ళీ వెల్ల ఎవులేస్తారు?" అంటోంది అమ్మ.

నాన్న చేతిలో పుస్తకంతోనే వచ్చి నిలబడ్డాడు. గోడను ఈ చివర నుంచి ఆ చివరిదాకా చూశాడు. తరవాత, "ఎవులు గీసినారిది?" అన్నాడు.

ఆ పిల్ల సాల పక్కనుంచి ఇవతలికి వచ్చింది. చేతులు నల్లగా ఉన్నాయి. "నానే మాస్టారూ. తుడిసెత్తాను."

"తుడవకు. ఎవరి దగ్గర నేర్సుకున్నావు?"

"ఎవులూ నేర్పనేదు. మీరు సదివినారు కదా, ఇన్నాను."

నాన్న నవ్వాడు. ఆయన అలా నవ్వడం నేను అప్పటిదాకా చూడలేదు. వెనక్కి తిరిగి అమ్మతో, "ఈ గోడకి ఇంక వెల్ల వెయ్యొద్దు" అన్నాడు. నావైపు తిరిగి, "లోపల నీ డ్రాయింగు కాయితాలున్నాయి కదా, నాలుగు పట్రా. రెండు రంగులు కూడా" అన్నాడు.

నేను వెళ్ళాను. పెట్టె తెరిచి, ఎండిపోయి పగుళ్ళు విచ్చిన రెండు బిళ్ళలు ఏరాను. కాయితాల్లో ఒక మూల నలిగినవి తీశాను. ఆ పిల్ల వాటిని రెండు చేతులతో అందుకుని, "అప్పా, ఇవి నాకేనా?" అంది. మా వైపు అక్కను అప్ప అంటారు. నన్ను అలా పిలవమని ఎవరూ చెప్పలేదు. పిలిచినందుకు కోపం వచ్చింది. చెడిపోయిన రంగులు ఇచ్చానని తెలియక సంతోషించినందుకు ఇంకా ఎక్కువ కోపం వచ్చింది.

ఆ తరవాత ఆదివారాలు మారిపోయాయి. తను గంప గుమ్మం బయట వదిలి అరుగు మెట్టు మీద కూర్చునేది. నాన్న పద్యం చదివి, రైతులకు చెప్పే అర్థం తనవైపు తిరిగి చెప్పేవాడు. తను ప్రశ్నలు వేసేది. "ఆ రాణి కాళ్ళకి చెప్పులున్నాయా మాస్టారూ?" "ఆ అడివిలో నేల రాయా, ఇసకా?" నాన్న పుస్తకం మూసి ఆలోచించేవాడు. ఇన్నేళ్ళు ఆ కావ్యాలు చదివిన మనిషికి అడవిలో నేల ఎలా ఉంటుందో తెలియలేదు. తెలియనందుకు ఆయనకు ఆనందంగా ఉన్నట్టుండేది.

వారం తిరిగేసరికి బొమ్మ వచ్చేది. ఎండిన నా రంగులు అయిపోయాక జేగురు మట్టి, పసుపు, ఏవో ఆకుల పసరు వాడింది. నాన్న ఆ బొమ్మల్ని ముందు గదిలో మేకులు కొట్టి తగిలించాడు. గోడ చాలక, అంతకుముందు అక్కడున్న నా కూజాను, నా మందార పువ్వును తీసి వసారాలో పెట్టాడు. "అక్కడైతే ఎలుతురు బాగుంటాదమ్మా" అన్నాడు. వసారాలో వెలుతురు నిజంగానే బాగుంటుంది. ఆ సంగతి నాకు ఏమాత్రం ఊరట కాలేదు.

తనలా గియ్యాలని నేను తలుపు వేసుకుని ప్రయత్నించాను. నాన్న పద్యాలు నాకు తనకంటే బాగా వచ్చు, సగం కంఠస్థం. కళ్ళు మూసుకుంటే రాణి కనబడేది. కళ్ళు తెరిచి గీస్తే, డ్రాయింగు పుస్తకంలో పదమూడో పేజీలోని ఆడమనిషి వచ్చేది. ముక్కు తిన్నగా, చీర మడతలు లెక్కగా, ప్రాణం లేకుండా. చింపి పొయ్యిలో వేసేదాన్ని. పూట కూటికి చేపలమ్మే పిల్లకు ఏమిటి వచ్చింది, నాకు ఏమిటి రాలేదు? ఎవరినీ అడగలేని ప్రశ్న అది. అడిగితే జవాబు చెబుతారేమోనని భయం కూడా.

ఆ వేసవిలో విజయనగరంలో ఒక సంఘం వారు బొమ్మల ప్రదర్శన పెడుతున్నారని తెలిసింది. పాత కావ్యాల్లోని ఘట్టాలను గియ్యాలి. నాన్న మా ఇద్దరి బొమ్మలూ పంపుదామన్నాడు. నేను రాజుగారి తోటలో జింకను ఎంచుకున్నాను. తనకు నాన్నే ఒక ఘట్టం ఎంచాడు. ఏళ్ళ తరబడి సముద్రం మీద తిరిగిన రాజు ఓడలు రేవుకు తిరిగొస్తాయి. ఊళ్ళోని ఆడవాళ్ళు పూలతో ఒడ్డుకు పరుగెత్తుతారు. సముద్రం కూడా సంబరపడి పొంగుతుంది. నాలుగే పద్యాలు. అయితే అర్థం చెప్పే లోపు ఆయనకు పరీక్ష పేపర్లు దిద్దే పని పడి, మూడు వారాలు విశాఖపట్నం వెళ్ళాల్సి వచ్చింది. పుస్తకంలో నెమలీక పెట్టి నా చేతికిచ్చాడు. "ఆ పిల్లొస్తే ఇవి సదివి అర్థం సెప్పమ్మా. తొందర పడకు, నిమ్మదిగా సెప్పు."

ఆదివారం తను వచ్చింది. అరుగు మీద ఇద్దరమే. పద్యాలు నాన్నలాగే చదివాను, ఒక్క అక్షరం పొల్లుపోకుండా. తను మోకాళ్ళ మీద గడ్డం ఆనించి వింది. తరవాత నావైపు చూసింది.

ముందుగా అనుకున్నానా అంటే, లేదు. ఆ ముఖం చూశాక నోట్లోంచి మాట దానంతట అదే వచ్చింది.

"ఓడలు రాలేదు" అన్నాను.

"ఒక్క ఓడా రానేదా అప్పా?"

"రాలేదు."

"రాజు?"

"రాజూ రాలేదు. అందరూ మునిగిపోయారు. ఆడవాళ్ళు పూలు పట్టుకుని ఒడ్డున నిలబడి ఏడుస్తున్నారని కవి రాశాడు."

తను పుస్తకం వంక చూసింది. తనకు అక్షరాలు రావు. "కవి తప్పు రాసినాడు. ఆళ్ళు ఏడవరు" అంది.

"ఎందుకని?"

"ఒడ్డు మీద ఏడిస్తే, వచ్చీవోడు కూడా రాడంటారు మా పేటలో. ఇంటికెల్లి ఏడుస్తారు."

ఇంకేమీ అడగకుండా గంప ఎత్తుకుని వెళ్ళిపోయింది. ఆ రోజు మధ్యాహ్నమంతా నాకు ఒళ్ళు తేలిగ్గా ఉంది. నాన్న వస్తాడు, బొమ్మ చూస్తాడు, ఇది పద్యంలో లేదే అంటాడు. అక్షరం రాని పిల్లకు పుస్తకంలోది ఎలా తెలుస్తుందని అప్పటికైనా అనుకుంటాడు. జింక కాళ్ళకు నీడలు దిద్దుతూ అన్నం కూడా ఆలస్యంగా తిన్నాను.

నాన్న వచ్చిన మర్నాడు ఆ పిల్ల బొమ్మ తెచ్చింది. అరుగు మీద పరిచి నాలుగు మూలలా నాలుగు రాళ్ళు పెట్టింది.

ఒడ్డు మీద ఆడవాళ్ళు కూర్చున్నారు. అందరూ సముద్రానికి వీపు పెట్టారు. ఒకామె వల బాగుచేస్తోంది. ఒకామె ఇంకొకామెకు తల దువ్వుతోంది. ఒకామె పిల్లకు అన్నం పెడుతోంది. వాళ్ళ మధ్య ఇసుకలో పూలు వాడిపోయి పడి ఉన్నాయి, ఎవరూ వాటిని చూడటం లేదు. వాళ్ళ వెనక కాయితం సగానికి పైగా సముద్రం, ఖాళీగా. ఏ ఒక్కరి ముఖంలోనూ కన్నీళ్ళు లేవు. కానీ ప్రతి మెడా కొంచెం వెనక్కి తిరగబోయి ఆగిపోయినట్టుంది.

నాన్న చూస్తూ నిలబడ్డాడు. ఆ నాలుగు పద్యాలూ పెదవులతో మాత్రం చదువుకోవడం నాకు కనబడింది. అయ్యాక, తలెత్తి ఆ పిల్లను కాదు, నన్ను చూశాడు. నేను వసారాలోకి వెళ్ళిపోయాను. "బాగా గీసినావమ్మా" అని ఆయన అనడం వెనక నుంచి వినబడింది.

మర్నాడు పొద్దున్న నూతి దగ్గర నీళ్ళు తోడుతుంటే నాన్న వచ్చి గట్టు మీద కూర్చున్నాడు.

"ఆ పద్యాల్లో కష్టమైన ముక్క ఒక్కటీ నేదు. నీకు అర్థం కానేదని నాననుకోను."

నేను చేద వదల్లేదు.

"దానికి నువ్వే సెప్పు. నాను సెప్పను" అన్నాడు. అంతే. తిట్టలేదు. తిడితే ఏడ్చి, అక్కడితో తేలిపోయేదాన్ని.

ఎండ ఎక్కకముందే సముద్రం దారి పట్టాను. పేటలో ఇసుక మీద చేపలు ఎండేశారు. తను వంగి ఒక్కొక్కటీ తిరగేస్తోంది. నన్ను చూసి నవ్వి, చేతులు లంగాకు తుడుచుకుంది.

"నేను చెప్పిన అర్థం తప్పు" అన్నాను. దారంతా అనుకుంటూ వచ్చిన మాటలు అంతటితో అయిపోయాయి. "ఓడలన్నీ వస్తాయి. రాజు కూడా వస్తాడు."

"తెలుసప్పా."

"ఎలా తెలుసు?"

"నిరుడు వానల్లో మాస్టారు ఆ పద్యాలు ఒకపాలి సదివినారు. నాను గుమ్మం కాడ ఇన్నాను. సముద్రం సంబరపడినాదని సెప్పినారు కదా, అది మర్సిపోనేదు."

"మరి ఆ రోజే ఎందుకు అనలేదు?" అన్నాను.

"నువ్వు కోపంగా ఉన్నావు. ముందు నవ్వొచ్చింది, అప్ప అబద్దమాడతన్నాది అని. ఇంటికెల్లి సూసుకుంటే నువ్వు సెప్పిందే బాగున్నాది. ఓడలు వచ్చీస్తే అందరూ నవ్వుతారు. అందులో గియ్యడానికి ఏటున్నాది?"

మళ్ళీ వంగి రెండు చేపలు తిరగేసింది. తలెత్తకుండానే, "నా మీద కోపమెందుకప్పా?" అంది.

ఇంట్లో తలుపు వేసుకుని కూడా నాలో నేను పైకి అనుకోని జవాబు ఒకటి ఉంది. "నువ్వు గీసినట్టు నాకు రాదు" అన్నాను.

"అవును, రాదు" అంది. ఈ పూట గాలి లేదు అన్నట్టు. గర్వం లేదు, జాలి కూడా లేదు. తరవాత లోపలికి వెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చింది. తాగాను. తిరిగి వస్తుంటే నాకు సిగ్గు కంటే అసూయే ఎక్కువగా ఉంది. ఆ పిల్లను దెబ్బ తీద్దామని నేను విసిరిన రాయిని తను తీసి గూట్లో పెట్టుకుంది. నా చెడ్డతనం కూడా నాకు మిగల్లేదు.

విజయనగరం ప్రదర్శనకు నాన్న మా ఇద్దరినీ తీసుకువెళ్ళాడు. ఆ పిల్లకు బస్సు కొత్త. నెల్లిమర్ల వైపు మిల్లు పొగ గొట్టం దూరంగా కనబడితే అది ఏమిటని అడిగి, చెబితే చాలాసేపు వెనక్కి తిరిగి చూసింది. ప్రదర్శన దగ్గర బల్ల ముందు కూర్చున్నాయన నా పేరు, స్కూలు, ప్యాసైన పరీక్ష రాసుకున్నాడు. ఆ పిల్లది ఏ స్కూలన్నాడు. ఏ స్కూలూ కాదని నాన్న చెబితే, అలాంటివి పోటీకి పెట్టే వీలు లేదన్నాడు. నాన్న చాలాసేపు బతిమాలాడు. చివరికి లోపల కాకుండా, వాకిట్లో మంచినీళ్ళ కుండ పెట్టిన చోట గోడకు తగిలించనిచ్చారు.

నా జింక లోపలి హాల్లో, అద్దం కిటికీ ఎదురుగా ఉంది. రెండో బహుమతి వచ్చింది. ఆ పిల్ల హాలంతా తిరిగి నా బొమ్మ ముందు ఆగింది. "ఈ వెనక కాలు సూడప్పా, ఎగిరీసేటట్టున్నాది" అంది. మనస్ఫూర్తిగా అంది. ఆ మాట నాకు బహుమతి కంటే బాగుంది, తన నోటి నుంచి వచ్చినందుకు బాగులేదు కూడా.

వాకిట్లో నీళ్ళ దగ్గర గొడవగా ఉంటే వెళ్ళి చూశాను. నీళ్ళకు వచ్చినవాళ్ళు గ్లాసు చేత్తో పట్టుకుని, తాగడం మరిచి, బొమ్మ ముందు నిలబడిపోతున్నారు. వెనకున్నవాళ్ళు గ్లాసు కోసం కేకలు వేస్తున్నారు. వాళ్ళు ముందుకొచ్చి గ్లాసు అందుకున్నాక వాళ్ళూ నిలబడుతున్నారు. ఒక ముసలాయన నాన్నను అడిగాడు, "ఇది ఏ కావ్యంలోదండీ? చదివిన గుర్తు లేదు."

నాన్న నన్ను చూసి, ఆయనతో అన్నాడు. "కావ్యంలో లేదండి. మా అమ్మాయి చెప్పింది, ఈ పిల్ల గీసింది."

నా ఒళ్ళు పులకరించింది. ఒక్క క్షణమే. బొమ్మ వైపు చూసేసరికి తెలిసిపోయింది, ఆ ముసలాయన చూస్తున్నది నేను చెప్పినదాన్ని కాదు, తిరగబోయి ఆగిన ఆ మెడల్ని. అవి నేను చెప్పలేదు. ఏడుస్తున్నారని చెప్పాను.

మరుసటి ఏడు ఆ పిల్లకు మేనమామ కొడుకుతో పెళ్ళయి, భోగాపురం దగ్గర ఒడ్డున ఉన్న పేటకు వెళ్ళింది. నేను విజయనగరంలో డ్రాయింగు టీచర్ల ట్రైనింగులో చేరాను. ఆ పేటలో వాళ్ళు గంగమ్మ గుడి గోడల నిండా బొమ్మలు గీయించుకున్నారని, గీసింది కొత్తగా వచ్చిన కోడలని నాన్న ఉత్తరం రాశాడు. ఆ ఉత్తరం వారం రోజులు ట్రంకుపెట్టె అడుగున దాచాను. తరవాతి ఆదివారం బస్సెక్కాను.

గుడి చిన్నది, మనిషి వంగి వెళ్ళాలి. బయటి గోడల మీద సముద్రం, ఓడలు, రాజులు, చేపలు తిరగేసే ఆడవాళ్ళు. నాన్న అరుగు మీద చదివినవన్నీ అక్కడున్నాయి, చదవనివీ ఉన్నాయి. నేను గోడ చుట్టూ రెండుసార్లు తిరిగాను. మూడోసారి తిరుగుతుంటే కనబడింది. చేతులు బాగాలేవు. వేళ్ళు పొట్టిగా, దొండకాయల్లా అతికించినట్టున్నాయి. ఏ బొమ్మలో చూసినా అంతే. దాపరికం ఎందుకు, ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను. ట్రైనింగులో మూడు నెలలు మేము గీసింది చేతులే.

తను గంపతో వచ్చింది. మనిషి కొంచెం ఒళ్ళు చేసింది. "అప్పా!" అని గంప ఇసుకలో పడేసింది. నేను బాగున్నావా అని అడగక ముందే, "నీ చేతులు తప్పు. వేళ్ళు పొట్టిగా ఉన్నాయి" అన్నాను.

తను గోడ వైపు చూసింది. "అవునప్పా. ఎన్నిసార్లు గీసినా చెయ్యి రాదు నాకు" అంది. అని, వెంటనే బొగ్గు ముక్క తెచ్చి నా చేతిలో పెట్టింది. "సెప్పు."

ఇద్దరం గుడి నీడలో కూర్చున్నాం. అరచెయ్యి ఎంత పొడుగో నడిమి వేలు ఇంచుమించు అంతే ఉంటుందని, కణుపులు ఒక వరసలో కాదు, వంపుగా వస్తాయని అక్కడ పడి ఉన్న ఒక చెక్క మీద గీసి చూపించాను. ట్రైనింగులో మాకు చెప్పినట్టే చెప్పాను. ఈసారి ఒక్క ముక్క కూడా మార్చలేదు. తను తన చేతిని తిప్పి తిప్పి చూసుకుని, నా చేతిని పట్టుకుని చూసి, గీసింది. మొదటిది బాగాలేదు. నాలుగోది వచ్చేసింది. నాకు మూడు నెలలు పట్టింది.

"బాగానే ఉంది" అన్నాను.

"మల్లీ ఆదివారం వస్తావా? కాళ్ళు కూడా సరిగ్గా రావు."

కాళ్ళు తనకు బాగానే వచ్చని నాకు తెలుసు, గోడ మీద చూశాను. అయినా వస్తానన్నాను. ట్రైనింగు అయ్యేదాకా, వానపడ్డ రోజులు తప్పించి, ఆదివారాలు వెళ్ళాను. అసూయ పోయాక వెళ్ళానంటే అబద్ధం. దాన్ని వెంటబెట్టుకునే బస్సెక్కేదాన్ని.